చిన్న జీవుల డెక్కు

పెళ్ళయిన కొత్తలో మా ఆయనకూ నాకూ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. మాది కొడవలూరు దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. ఆయన చిల్లకూరులో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేసేవాడు. పొద్దున్నే బండేసుకుని సముద్రం వైపు పల్లెలకు పోయి, గుంట గుంటకూ సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి, ఉప్పెంత ఉంది, రోగం జాడ ఏమన్నా ఉందా అని చూసి రైతులకు ఫోన్లో చెప్పడం ఆయన ఉద్యోగం. సాయంత్రం ఇంటికొస్తే అన్నం పెట్టేదాన్ని. కూర బాగుందనేవాడు. ఉప్పు మరిచిపోయిన రోజు కూడా బాగుందనే అన్నాడు. అంతటితో మాటలైపోయేవి.

ఆయన బీరువాలో బట్టలకంటే జాగ్రత్తగా దాచుకున్నవి కార్డులు. పేక ముక్కలు కావు. తిరుపతిలో చదువుకునేటప్పుడు హాస్టల్లో అలవాటైన ఆట అది. ఒక్కో కార్డు మీద ఒక జీవి బొమ్మ, దాని బలం ఎంతో ఒక అంకె. కొన్ని మంత్రాల కార్డులు, అవి ఒకసారి వాడితే అయిపోతాయి. కొన్ని శక్తి కార్డులు, అవి ముందు పరుచుకుంటేనే జీవుల్ని పిలవగలం. ఎవరి కట్ట వాళ్ళే తయారుచేసుకోవాలి. ఆ కట్టని డెక్కు అంటారు. ఇద్దరికీ ఇరవై ప్రాణాలతో ఆట మొదలవుతుంది. నా జీవుల్ని ఎదుటివాళ్ళ మీదికి పంపితే వాళ్ళు తమ జీవుల్ని అడ్డం పెట్టుకోవచ్చు. అడ్డం లేనివాటి బలమంతా వాళ్ళ ప్రాణాల్లోంచి తరిగిపోతుంది. ఇదంతా ఆయన నాకు ఒక ఆదివారం వాన పడుతుంటే చాప మీద కూర్చుని చెప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం నెల్లూరులో ఆట ఉండేది. ట్రంకురోడ్డు వెనక సందులో ఒకాయనకు పరుపుల అంగడి ఉంది. కింద దూది, తలదిండ్లు, కుట్టు మిషన్లు. పైన ఒక పొడుగాటి గది. ఆ గదిలో రెండు బల్లలు కలిపి వేసేవాడు. ఆయన మా ఆయనకంటే పదేళ్ళు పెద్ద, అందరూ అన్నా అనేవాళ్ళు. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. మిగతావాళ్ళలో ఒకతను బ్యాంకులో పని, ఒకతను మందుల కంపెనీ మనిషి, ఇంకో ఇద్దరు కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళు. మా ఆయన నన్ను వెంట తీసుకుపోయేవాడు. నేను కాసేపు కింద అన్న భార్య దగ్గర కూర్చుని, కాసేపు పైన గోడ వారగా కుర్చీ వేసుకుని చూసేదాన్ని.

మా ఆయన డెక్కు ఖరీదైనది. జీవులు తక్కువ, మంత్రాలు ఎక్కువ. ఎదుటివాడు ఏది దించినా దాన్ని తీసిపారేసి, చివర్లో ఒక పెద్ద జీవిని దించి ముగించేవాడు. చిన్నచిన్న జీవుల కార్డులు ఆయనకు ఎందుకూ పనికిరావు. ప్యాకెట్లు కొన్నప్పుడల్లా వచ్చిన అలాంటివన్నీ చెప్పుల డబ్బాలో వేసి బీరువా పైన పెట్టాడు. మధ్యాహ్నాలు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ డబ్బా దించి బొమ్మలు చూడడం నాకు అలవాటైంది. ముంగిసలు, కుందేళ్ళు, అడవికుక్కలు, ఎలుకలు, నీటికోళ్ళు. అన్నీ ఒకటి బలం, రెండు బలం. చవకవి. పిలవడానికి పెద్దగా శక్తి అక్కర్లేదు.

ఆ ఎండాకాలంలో గుంటల్లో రొయ్యలకు రోగం వచ్చింది. చిట్టమూరు వైపు రైతులు రొయ్య పిల్ల వేసిన నెలకే గుంటలు ఎండగట్టేశారు. పరీక్షకు వచ్చే సీసాలు తగ్గాయి. మా ఆయన ఇంటికి పెందలాడే రావడం మొదలుపెట్టాడు. వచ్చి ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. ఏమైనా అయిందా అని అడిగితే ఏం లేదనేవాడు. కూర బాగుందని అనడం కూడా మానేశాడు. గిన్నె కింద పెడితే చప్పుడవుతుందేమో అని నేను మెల్లగా పెట్టేదాన్ని. ఆయన నన్నేమీ అనలేదు. ఒక్క మాట గట్టిగా అన్నదీ లేదు. అయినా ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వింటే నా భుజాలు బిగుసుకుపోయేవి.

అలాంటప్పుడే పరుపుల అంగడి అన్న ఒక పోటీ పెట్టాడు. ఈసారి ఎవరూ ఖరీదైన కార్డులు వాడకూడదు. విడిగా కొంటే ఒక టీ ఖరీదు కూడా చేయనివే డెక్కులో ఉండాలి. ఎప్పుడూ డబ్బున్నవాడే గెలుస్తున్నాడని బ్యాంకు అతను గొడవ చేస్తే పుట్టిన ఆలోచన అది. మా ఆయన మొహంలో చాలా రోజులకు కాస్త వెలుగు కనిపించింది. ఆ సాయంత్రమే కార్డులన్నీ చాప మీద పరిచాడు. చవక మంత్రాలు ఏరాడు. వాటిలో రెండు కార్డులు తీసి విడిగా పెట్టాడు. వాటి పేరు వరద. అది పడిందంటే బల్ల మీదున్న చిన్న జీవులన్నీ ఒక్కసారే పోతాయి.

నేనూ ఒక డెక్కు కట్టుకుంటానని అడిగాను. చెప్పుల డబ్బా ఆయనే దించి ఇచ్చాడు. అన్నీ చిన్నవే, ఒక్క వరద పడితే నీ దగ్గర ఏమీ మిగలదన్నాడు. నేను డబ్బా తీసుకుని చాప మీద ఒంపాను.

మొదటిసారి కట్టిన డెక్కు ఆడనే లేదు. అందులో ఒక ఏనుగు కార్డు పెట్టుకున్నాను. దంతాల మీద పూలదండలతో బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. దాన్ని పిలవాలంటే ఏడు శక్తి కార్డులు కావాలి. మధ్యాహ్నం తలుపేసుకుని, రెండు చేతులతో రెండు పక్కలా నేనే ఆడి చూసుకునేదాన్ని. ఏడో శక్తి కార్డు వచ్చేసరికి ఆట ఎప్పుడో అయిపోయేది. ఏనుగు చేతిలోనే ఉండిపోయేది. రెండు మూడు రోజులు మనసొప్పక ఉంచాను, తర్వాత తీసేశాను. అలాంటివే ఇంకొన్ని తీసేశాను. పెద్ద జీవులు పోయాక అన్ని శక్తి కార్డులు అవసరం లేదని తెలిసింది. వాటినీ తగ్గించి, ఆ చోట్లలో ఇంకా కుందేళ్ళు, ముంగిసలు నింపాను. అప్పుడు డెక్కు కదిలింది. ప్రతి వంతుకూ ఏదో ఒక జీవి దిగుతోంది. కానీ ఒకటి బలం జీవులు ఎన్ని దిగినా ఎదుట ఒక మోస్తరు జీవి అడ్డం నిలబడితే అంతే.

డబ్బా అడుగున మందకాపరి కార్డు దొరికింది. భుజాన కంబళి వేసుకున్న ముసలాయన బొమ్మ. ఆయనకు సొంత బలం ఏమీ లేదు. కానీ ఆయన బల్ల మీద ఉన్నంతసేపు మన మిగతా జీవులన్నిటికీ తలా ఒక బలం పెరుగుతుంది. అలాంటివి మూడు దొరికాయి. మూడూ పెట్టుకున్నాను. ఇక వరద సంగతి. దానికి నేను కనుక్కున్న ఉపాయం ఒకటే. ఉన్నవన్నీ ఒకేసారి దించకూడదు. సగం బల్ల మీద, సగం చేతిలో. వరద పడిపోయాక మిగతా సగం దించాలి. దించగలిగి కూడా దించకుండా చేతిలో పెట్టుకు కూర్చోవడం అలవాటు కావడానికి చాలా మధ్యాహ్నాలు పట్టింది.

పోటీ రోజు మందుల కంపెనీ అతను రాలేదు. ఒకరు తక్కువైతే జతలు కుదరవు. చెల్లెమ్మ ఆడుతుందిలే అని పరుపుల అంగడి అన్నే అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను సంచిలోంచి డెక్కు తీశాను.

మొదటి ఆట బ్యాంకు అతనితో. అతను నన్ను చూసి నెమ్మదిగా, చిన్నపిల్లలతో ఆడినట్టు ఆడాడు. తేరుకునే లోపల ఓడిపోయాడు. రెండో ఆట కాలేజీ అతనితో, అది నేను ఓడిపోయాను. మూడోది అన్నతో. ఆయన పరుపు కుట్టినంత నిదానంగా ఆడతాడు. అందులో గెలిచాను. చివరి ఆటకు జతలు వేస్తే మా ఆయనకూ నాకూ పడింది. ఆయన అప్పటికి ఒక్క ఆటా ఓడిపోలేదు. అన్న భార్య టీ తెచ్చి, కిందికి పోకుండా నిలబడిపోయింది. మిగతావాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. భార్యాభర్తల ఆట అని నవ్వుకున్నారు. మా ఆయన కూడా నవ్వాడు.

ఆట మొదలయ్యాక ఎవరూ నవ్వలేదు. నేను మూడు జీవుల్ని దించగానే ఆయన మొదటి వరద వేశాడు. మూడూ పోయాయి. చేతిలో దాచుకున్నవాటిలోంచి మళ్ళీ రెండు దించాను. ఆయన కనుబొమలు కాస్త పైకి లేచాయి. ఆయన దించిన పాము జీవి నన్ను వంతు వంతుకూ కొరుకుతూ నాలుగు ప్రాణాల దాకా తెచ్చింది. ఎట్టకేలకు రెండు ముంగిసల్ని పోగొట్టుకుని దాన్ని చంపాను. రెండో వరద కూడా పడింది. మళ్ళీ మొదటినుంచీ పేర్చుకొచ్చాను. గదిలో ఫ్యాను తిరుగుతున్నా నా జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

ఆ వంతు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నా ముందు ఐదు జీవులు, అన్నీ ఒకటి బలానివే. ఆయన ముందు రెండు జీవులు. ఆయనకు మిగిలినవి ఆరు ప్రాణాలు. నా చేతిలో మందకాపరి ఉన్నాడు. పిలవడానికి సరిపడా శక్తి ఉంది. కాపరి దిగితే నా ఐదింటికీ తలా రెండు బలం. ఐదింటినీ పంపితే ఆయన రెండింటిని ఆపగలడు. మిగతా మూడూ కలిసి సరిగ్గా ఆరు. ఆట అయిపోతుంది.

తలెత్తి చూశాను. ఆయన తన చేతిలో ఉన్న ఒకే ఒక్క కార్డును చూసుకుంటున్నాడు. దవడ బిగుసుకుని ఉంది. రోజూ సాయంత్రం ఫోను ముందు కూర్చునేటప్పుడు ఉండే మొహమే అది. ఈ గదిలో తప్ప ఆయన ఇంకెక్కడా గెలవడం లేదని అప్పుడు నాకు తోచింది. చుట్టూ ఆయన స్నేహితులు. ఇంటికి పోవాల్సింది ఆయన బండి వెనకే కూర్చుని. నేను ఒక కుందేలును దించి, ఎవరి మీదికీ ఎవరినీ పంపకుండా, మీ వంతన్నాను.

ఆయన కట్టలోంచి కార్డు తీశాడు. నా జీవుల్ని ఆపే మంత్రం అయ్యుంటే ఆ ఆట ఆయన వైపు తిరిగేది. ఆ క్షణంలో నేను ఏది కోరుకున్నానో నాకే తెలీదు. శక్తి కార్డు వచ్చింది. దాన్ని పరిచి, ఏమీ చేయలేక, నీ వంతన్నాడు.

ఇక ఆపడానికి నాకు చేతకాలేదు. ఇంకోసారి ఊరుకుంటే చూసేవాళ్ళకు కూడా తెలిసిపోతుంది. అదొక్కటే కాదు. నెల పైన మధ్యాహ్నాలన్నీ పెట్టి కట్టుకున్న డెక్కు అది. నాకు గెలవాలనిపించింది. కాపరిని దించాను. ఆరు జీవుల్నీ పంపాను. ఆయన రెండింటికి అడ్డం పెట్టి, మిగతావి లెక్కపెట్టి, చేతిలోని కార్డు బోర్లా పెట్టేశాడు.

బ్యాంకు అతను చప్పట్లు కొట్టాడు. అన్న భార్య నా భుజం మీద చెయ్యి వేసింది. మా ఆయన బల్ల మీదుగా చెయ్యి చాపి, ఆటగాళ్ళు ఇచ్చుకున్నట్టే కరచాలనం చేసి, బాగా ఆడినావన్నాడు. తర్వాత కార్డులు సర్దుకుంటూ ఉండిపోయాడు.

బండి మీద ఒక్క మాట లేదు. హైవే మీద లారీలు పక్కనుంచి పోతుంటే గాలికి బండి ఊగేది. మామూలుగా అలాంటప్పుడు గట్టిగా పట్టుకోమని చెప్పేవాడు. ఆ రోజు చెప్పలేదు. నేను సీటు వెనక కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. మనుబోలు దాటాక ఒక టీ కొట్టు దగ్గర బండి ఆపాడు. ఇంకా ఎండ తగ్గలేదు. రెండు టీలు చెప్పి, వేపచెట్టు కింద బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"ఒక వంతు ముందే అయిపోయేది ఆట. ఎందుకాగినావు?" అన్నాడు.

"మళ్ళీ వరద పడతాదేమో అని" అన్నాను.

"నా డెక్కులో ఉండేదే రెండు. రెండూ పడిపోయినాయి. ఆ సంగతి నీకు తెలుసు."

కాపరి కార్డు అప్పటికి నా చేతికి రాలేదన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కొత్తగా తీసిన కార్డు నువ్వెప్పుడూ కుడిచివర పెట్టుకుంటావు. కాపరిని ఎడమచివరి నుంచి తీసినావు. అది నీ దగ్గర ఎప్పటినుంచో ఉంది."

నేను కార్డులు ఎలా పట్టుకుంటానో ఆయన చూస్తాడని నాకు తెలీదు. అబద్ధం చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. టీ కొట్టతను గ్లాసులు తెచ్చి బెంచీ మీద పెట్టి పోయాడు.

"నా మీద జాలి పడినావా?"

"జాలి కాదు. భయమేసింది."

"ఎవర్ని చూసి?"

"మిమ్మల్నే."

ఆయన రోడ్డు వైపు తిరిగాడు. "నేనెప్పుడన్నా నిన్నొక మాటన్నానా?"

"అనలేదు. అందుకే ఇంకా భయం. కోపమొస్తే మీరేమంటారో నాకింకా తెలీదు."

ఆ మాట ఎలా వచ్చిందో, వచ్చేసింది. ఇక అక్కడ ఆపలేక మా నాయన సంగతి చెప్పాను. మా ఇంట్లో క్యారమ్స్ బోర్డు ఉండేది. పనుల్లేని రోజుల్లో నాయన వరండాలో బోర్డు వేసి మమ్మల్ని ఆటకు పిలిచేవాడు. ఓడిపోతే ఏమీ అనేవాడు కాదు. లేచి, అన్నం తినకుండా చేని వైపు పోయేవాడు. తిరిగొచ్చాక కూడా రెండు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అమ్మ ఆయన తినేదాకా తినేది కాదు. అందుకని ఆట చివరికొచ్చినప్పుడు అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి నాకు కళ్ళతో సైగ చేసేది. నేను తెల్లకాయను గుంత పక్కకు కొట్టేదాన్ని. ఎవరికీ అనుమానం రాకుండా తప్పుగా కొట్టడంలో నాకు మంచి పనితనం ఉండేది.

మా ఆయన వింటున్నంతసేపూ గ్లాసు ముట్టుకోలేదు. విన్నాక, ఈ రోజు మాత్రం సరిగ్గా కొట్టలేకపోయినావే అన్నాడు. అది ఎత్తిపొడుపో కాదో తెలీక ఆయన మొహం చూశాను. నవ్వడం లేదు. కోపంగానూ లేడు. ఓడిపోయినందుకు బాధగానే ఉందన్నాడు. ఉండదని అబద్ధం చెప్పలేనన్నాడు. దారంతా మాట్లాడకపోవడానికి కారణం మాత్రం ఓటమి కాదట. ఇంట్లో ఉండే మనిషి కావాలని ఓడిపోబోయిందంటే, తనలో ఆమెకు ఏం కనిపించిందోనని ఆలోచిస్తూ వచ్చాడట.

తర్వాత, రోడ్డు వైపే చూస్తూ, "ల్యాబ్ మూసేస్తున్నారు" అన్నాడు. "ఈ నెలాఖరే ఆఖరు."

ఎప్పుడు తెలిసిందని అడిగాను. పోయిన నెలలోనే ఓనరు పిలిచి చెప్పాడట. వేరేచోట పని దొరికాక చెబుదామని ఊరుకున్నాడట. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఆ మొహం చూసి నేనేం తప్పు చేశానో అని గిన్నెలు కూడా చప్పుడు కాకుండా పెడుతున్నానని చెప్పాను. నా గొంతు పెద్దదైందేమో, టీ కొట్టతను మా వైపు తిరిగి చూశాడు. మా ఆయన మీద గొంతు లేపడం నాకదే మొదటిసారి. ఆయన లేచి పోలేదు. చల్లారిపోయిన టీ తాగి, మీ అమ్మావాళ్ళకు అప్పుడే చెప్పొద్దన్నాడు. సరేనన్నాను. చిల్లకూరు చేరేదాకా, ఎక్కడెక్కడ పని అడగొచ్చో గాలిలో అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

ఆ తర్వాతి నెలలు కష్టంగానే గడిచాయి. నేను గూడూరులో ఒక చిన్న బడిలో పనికి చేరాను. ఆయన ఖరీదైన డెక్కు అమ్మేశాడు. పరుపుల అంగడి అన్న ద్వారా చెన్నై మనిషి ఎవరో కొన్నాడు. అమ్మిన రోజు ఆయన డాబా మీద ఒక్కడే కూర్చున్నాడు. నేను పిలవలేదు. ఆకలేస్తే నేను తినేశాను. కాసేపటికి ఆయనే దిగొచ్చి, కంచం పెట్టుకుని తిన్నాడు. అది చిన్న విషయమే. ఆ పూట మాత్రం తలుపు వైపు చూడకుండా తినాలని పట్టుబట్టి తిన్నాను.

చలికాలం వచ్చేసరికి ఆయనకు సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల హేచరీలో పని దొరికింది. జీతం తక్కువ, దూరం ఎక్కువ. గుంటల్లో మళ్ళీ పిల్ల వేస్తున్నారు కాబట్టి ఫరవాలేదంటాడు. ఇప్పుడు ఇద్దరికీ ఉన్నవి చవక డెక్కులే. ఆయన కూడా చిన్న జీవులతో ఒకటి కట్టుకున్నాడు. కాపరులు మూడే ఉన్నారు కాబట్టి వాటి కోసం వాదన పెట్టుకుని, చివరికి నావి నాకే వదిలేసి, కీచురాళ్ళతో ఏదో కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఓడిపోతే ఇప్పటికీ ఆయన మొహం మాడుతుంది. ఎందుకంత ముడుచుకున్నారని అడుగుతాను. ఓడిపోయాను కాబట్టి అంటాడు. ఆదివారాలు వీలైనప్పుడు నెల్లూరు పోతాం. మా ఇద్దరిలో ఎవరు బాగా ఆడతారని అక్కడ ఎవరన్నా అడిగితే, ఎక్కువసార్లు గెలిచేది తనేనని ఆయన చెప్పుకుంటాడు. అది నిజమే.